గాలి పీల్చే చేపకు నీళ్లెందుకు మార్చాలి?

"దీనికి గాలి మోటారు అక్కర్లేదండీ. చిన్న గాజు గిన్నె చాలు, నీళ్లు కూడా ఎప్పుడో గుర్తొచ్చినప్పుడు మారిస్తే సరిపోద్ది." బెజవాడలో ఫైటర్ చేప కొన్న రోజు కొట్లో కుర్రాడు చెప్పిన మాట. మొదటి ముక్క నిజమే. చివరి ముక్క కూడా నమ్మి, రెండు వారాల్లో చేపను పోగొట్టుకున్నాను.

ఆ రెండు వారాల్లోనే, మే ఎండల్లో, ఓ మధ్యాహ్నం కరెంటు పోయింది. మోటారు ఆగిన పక్క తొట్టిలో గోల్డ్ ఫిష్‌లు పైకి తేలి నోళ్లు తెరిచాయి. ఫైటర్ మాత్రం ఎప్పటిలాగే పైకొచ్చి ఓ గుటక గాలి మింగి తన దారిన తను పోయింది. 30 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లలో కరిగి ఉండగల ఆక్సిజన్ సుమారు 7.5 మిల్లీగ్రాములు. లీటరు గాలిలో ఉండేది 270 దాకా! ఫైటర్, గౌరామీ చేపలు ఆ గాలి కొట్లోంచి కూడా సరుకు తెచ్చుకుంటాయి. మొప్పల పైన, తలలో వాటికో గది ఉంటుంది. అందులో మడతలు మడతలుగా పల్చటి ఎముక రేకులు, వాటి మీద సన్నటి రక్తనాళాలు నిండిన పొర. ఆ మెలికల వల్లే దానికి లాబిరింత్ అని పేరు. పద్మవ్యూహం అనుకోండి, కాకపోతే ఇక్కడ గాలికి లోపలికి పోవడమే కాదు, బయటికి రావడమూ తెలుసు.

చేపల మార్కెట్లో నాలుగు వేళ్ల లోతు నీళ్లలో కొర్రమీను గంటల తరబడి బతికే ఉండటం చూసే ఉంటారు. దానికీ తలలో గాలి గది ఉంది, ఇన్ని మడతలు లేవంతే. లాబిరింత్ చేపల్లోనే అనాబస్ అనేది నేల మీద పాకుతుంది కూడా. 1791లో తమిళ తీరంలోని తరంగంబాడిలో డాల్డార్ఫ్ అనే డేనిష్ అధికారి దాన్ని తాటిచెట్టు మీద పట్టుకున్నానని రాశాడు. పాకడం వరకు నిజమే. తాటిచెట్టు సంగతి నాకు నమ్మబుద్ధి కాదు.

ఇంతకీ నా చేప ఎందుకు పోయింది? లాబిరింత్ ఆక్సిజన్ తెచ్చిపెడుతుంది, అంతవరకే. ఒంట్లో పుట్టే అమ్మోనియాని బయటికి పంపే పని మొప్పలదే, అది చేరేది ఆ గిన్నెడు నీళ్లలోకే. మన ఎండలు దాన్ని ఇంకా ముదరబెడతాయి: నీళ్లు 20 డిగ్రీల నుంచి 30కి చేరితే అమ్మోనియాలో విషంగా పనిచేసే భాగం దాదాపు రెట్టింపవుతుంది. గోల్డ్ ఫిష్ పైకొచ్చి నోరు తెరిస్తే ఏదో తేడా వచ్చిందని తెలుస్తుంది. ఫైటర్ ఎప్పుడూ పైకొచ్చేదే కాబట్టి ఆ సూచన మన కంటికి ఆనదు.

ఈసారి 20 లీటర్ల తొట్టి, మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టర్ పెట్టాను. అమ్మోనియాని నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా ఆ స్పాంజిలో కుదురుకోవడానికి వారాలు పట్టింది, చేపను ఆ తర్వాతే తెచ్చాను. వారానికోసారి పావు వంతు నీళ్లు మారుస్తాను, కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు కలిపి. ఇది ఎగిరి దూకే రకం కాబట్టి మూత తప్పదు, మూతకీ నీళ్లకీ మధ్య గాలికి జాగా వదలాలి.

ఆడచేప లేకపోయినా మావాడు ఓ మూల నురగ గూడు కట్టాడు. మగ ఫైటర్లు గుడ్లను దాచి కాపలా కాసేది అందులోనే. నీళ్లు మార్చేటప్పుడు మగ్గు రెండో వైపు నుంచి ముంచుతున్నాను.