గర్భిణి రక్తంలో జాడలు, తొలి నెలల రక్తస్రావం: రెండు సంకేతాల వెనుక ఒకే మాయ (ప్లసెంటా)

గర్భం దాల్చిన తొలి మూడు నెలల్లో ప్రతి నలుగురు స్త్రీలలో దాదాపు ఒకరికి ఎంతో కొంత రక్తం కనిపిస్తుంది. వారిలో ఎక్కువమందికి గర్భం నిలిచి, కాన్పు సవ్యంగానే జరుగుతుంది. అందుకే చాలాకాలం వైద్యుల ముందు ఒక్కటే ప్రశ్న ఉండేది: గర్భం నిలుస్తుందా, పోతుందా? రక్తం ఆగి, స్కాన్‌లో బిడ్డ గుండె కొట్టుకోవడం కనిపిస్తే ఆ ప్రశ్నకు జవాబు దొరికినట్టే భావించేవారు. ఆ రక్తస్రావం ఏడో నెలలోనో ఎనిమిదో నెలలోనో రాబోయే ఇబ్బందికి తొలి సూచన కావచ్చన్న ఆలోచన స్థిరపడటానికి కొన్ని దశాబ్దాలు పట్టింది. ఆ ఆలోచనకు బలం చేకూరింది మరో దారిలో, పూర్తిగా వేరే అవసరం కోసం మొదలైన రక్తపరీక్షల వల్ల.

1972లో ఎడిన్‌బరోకు చెందిన బ్రాక్, సట్‌క్లిఫ్ అనే పరిశోధకులు, మెదడు లేదా వెన్ను సరిగా మూసుకోని శిశువుల ఉమ్మనీటిలో ఆల్ఫా ఫీటోప్రోటీన్ అనే పదార్థం బాగా ఎక్కువగా ఉంటుందని చూపారు. శిశువు కాలేయంలో తయారయ్యే ఈ ప్రోటీన్ కొద్దికొద్దిగా తల్లి రక్తంలోకీ చేరుతుంది కాబట్టి, ఉమ్మనీరు తీయకుండా తల్లి చేతి నుంచి తీసిన రక్తంతోనే లోపాన్ని పసిగట్టవచ్చా అన్నది తర్వాతి ప్రశ్న అయింది. బ్రిటన్‌లో అనేక కేంద్రాలు కలిసి చేసి 1977లో ప్రకటించిన అధ్యయనం అది సాధ్యమేనని తేల్చింది. 16 నుంచి 18 వారాల మధ్య ఈ ప్రోటీన్ మామూలు గర్భాల మధ్యగత విలువకు 2.5 రెట్లు దాటితే అనుమానించాలన్న హద్దుతో, మెదడు ఏర్పడని శిశువులున్న గర్భాలలో 88 శాతాన్ని, వెన్ను మూసుకోకుండా తెరిచి ఉన్న (స్పైనా బైఫిడా) గర్భాలలో 79 శాతాన్ని గుర్తించగలిగారు. అయితే ఏ లోపమూ లేని గర్భాలలోనూ సుమారు 3 శాతం ఆ హద్దు దాటాయి.

నా దృష్టిలో ఈ చరిత్ర మలుపు తిరిగింది ఆ 3 శాతం దగ్గరే. స్కాన్‌లో శిశువు వెన్ను, తల, పొట్ట అన్నీ చక్కగా ఉన్నా తల్లి రక్తంలో ప్రోటీన్ ఎందుకు పెరిగింది? కొన్నిచోట్ల కారణం మామూలుదే: కవలలు ఉండటం, లేదా నెలల లెక్క తప్పడం. రెండో పొరపాటులో రక్తస్రావానికీ పాత్ర ఉంది. గర్భం నిలిచాక కనిపించిన రక్తాన్ని బహిష్టుగా పొరబడితే గర్భం వయసు అసలుకన్నా తక్కువగా లెక్కకు వస్తుంది. ఈ దశలో ప్రోటీన్ వారం వారం పెరిగేది కాబట్టి ఫలితం లేనిపోని ఎత్తులో కనిపిస్తుంది. ఇవన్నీ తీసేశాక కూడా కారణం తెలియని పెరుగుదల మిగిలిన స్త్రీలకు తక్కువ బరువు శిశువులు, నెలలు నిండని కాన్పులు, కడుపులోనే శిశువు మరణించడం ఎక్కువగా ఉన్నాయని 1970ల చివరి నుంచి వరుసగా గమనించారు. తల్లీబిడ్డల రక్తాలను వేరుచేసే మాయ పొర దెబ్బతిన్నప్పుడు శిశువు ప్రోటీన్ తల్లి వైపు ఎక్కువగా కారుతుందన్న వివరణ అప్పుడు బలపడింది. పొర దెబ్బతినడమే కారణమైతే, రక్తం కనిపించిన గర్భిణుల ఫలితాలను విడిగా చూడాలన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1980లలో పరిశోధకులు ఈ రెండు సంకేతాలనూ పక్కపక్కన పెట్టి పరిశీలించడం మొదలుపెట్టారు.

మాయలో ఏం జరుగుతుందో చూపే పని సూక్ష్మదర్శిని కింద అప్పటికే సాగుతోంది. మామూలు గర్భంలో మాయ కణాలు గర్భాశయ గోడలోని మెలికల ధమనుల్లోకి చొచ్చుకుపోయి, వాటిని వెడల్పైన, బిగువులేని కాలువలుగా మారుస్తాయి. రక్తపోటు పెరిగి గుర్రపువాతానికి దారితీయగల ప్రీ ఎక్లాంప్సియాలో ఈ మార్పు అసంపూర్ణంగా ఉంటుందని బ్రోసెన్స్, రాబర్ట్‌సన్, డిక్సన్ అనే పరిశోధకులు 1972లో చూపారు. తొలి వారాల్లో ఆ కణాలే ధమనుల మూతుల్ని బిరడాల్లా మూసి, తల్లి రక్తం వేగంగా మీద పడకుండా లేత మాయను కాపాడతాయని తర్వాత తెలిసింది. బిరడాలు సరిగా కుదరకపోతే రక్తం వేళకు ముందే వచ్చి మాయ అంచులను దెబ్బతీయవచ్చు. అది బయటికి రక్తస్రావంగా కనిపించవచ్చు. తొలి నెలల్లో కనిపించిన ఎరుపునూ, ఎనిమిదో నెలలో పెరిగిన రక్తపోటునూ ఒకే లోపానికి ముడిపెట్టగలిగిన వివరణ ఇది.

2000 తర్వాత ఆధారాలు త్వరత్వరగా పోగయ్యాయి. డౌన్ సిండ్రోమ్ పరీక్షలో భాగమైన పాప్-ఏ అనే మాయ ప్రోటీన్ తొలి నెలల్లో బాగా తక్కువగా ఉన్నవారికి శిశువు ఎదుగుదల లోపం, ముందస్తు కాన్పు, ప్రీ ఎక్లాంప్సియా ముప్పు ఎక్కువని స్కాట్లాండ్ అధ్యయనం 2002లో తెలిపింది. అమెరికాలో 16,000కు పైగా గర్భిణులను పరిశీలించి 2004లో వెలువరించిన ఫలితాల్లో, తొలి నెలల్లో ఎక్కువ రక్తస్రావమైన వారికి నెలలు నిండని కాన్పు ముప్పు సుమారు 3 రెట్లు ఉంది. మాయ ముందే విడిపోయే ముప్పు అంతకంటే కొంచెం ఎక్కువే. కొద్దిగా మరకలు మాత్రమే కనిపించిన వారిలో ఈ పెరుగుదల అంతకంటే బాగా తక్కువ. కంగారుపడుతున్న గర్భిణికి ఈ తేడాను విడమరచి చెప్పడం ఎంతో అవసరమని నేను భావిస్తాను.

ఈలోగా బోస్టన్‌లో కరుమంచి అనే పరిశోధకుడి బృందం 2003లో, జబ్బుపడిన మాయ నుంచి వెలువడే ఎస్‌ఫ్లిట్-1 అనే పదార్థం రక్తనాళాలకు మేలుచేసే పీఎల్‌జీఎఫ్‌ను పట్టి బంధిస్తుందని చూపింది. ఈ రెండింటి నిష్పత్తి 38 లేదా అంతకు తక్కువ ఉంటే, అనుమానం ఉన్న గర్భిణికి వచ్చే వారంలో ప్రీ ఎక్లాంప్సియా రాకపోవచ్చని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చని 2016లో తేలింది. 2017లో ఆస్‌ప్రీ అనే వైద్య ప్రయోగం, ముప్పు ఎక్కువగా ఉన్నవారికి 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి రోజూ 150 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తే, 37 వారాలలోపు వచ్చే ప్రీ ఎక్లాంప్సియా 4.3 శాతం నుంచి 1.6 శాతానికి తగ్గుతుందని నిరూపించింది.

ఆ స్త్రీలను ఎంచుకున్న లెక్కలో తల్లి ఆరోగ్య చరిత్ర, రక్తపోటు, గర్భాశయ ధమనుల్లో రక్తప్రవాహం, పాప్-ఏ, పీఎల్‌జీఎఫ్ ఉన్నాయి. తొలి నెలల రక్తస్రావం అందులో లేదు. రక్తంలోని ప్రోటీన్‌ను యంత్రం కొలుస్తుంది. కనిపించిన రక్తం ఎంత, ఎన్ని రోజులు అన్నది మాత్రం ఆ స్త్రీ చెబితేనే, ఎవరైనా అడిగి రాసుకుంటేనే తెలుస్తుంది.