హెక్టార్ల లెక్కుంది, మనుషుల లెక్కేది? రామగుండం కరెంటు పంచాయితీ వెనక కథ

రామగుండం పంచాయితీ మళ్లీ లేచింది. 2024ల మూతపడ్డ పాత బీ థర్మల్ కరెంటు ప్లాంటు జాగల 800 మెగావాట్ల బొగ్గు ప్లాంటే పెట్టాలని ఒక పక్క, బొగ్గు రోజులు అయిపోయినయ్ సోలార్, స్టోరేజ్ చాలని ఇంకో పక్క, మధ్యల మేడిపల్లి ఓపెన్‌కాస్ట్ (పైనుంచి మట్టి తీసి బొగ్గు తవ్వే గని) గుంతల సింగరేణి కడ్తమంటున్న 500 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్, అంటే నీళ్లు మీదికి తోడి మళ్లీ వదిలి కరెంటు తీసుడు. ఈసారి కొత్తగ ఇంకో మాట కలిసింది. వరంగల్‌ల ఎన్‌ఐటీ ఉంది, కాకతీయ యూనివర్సిటీ ఉంది, ఇన్ని డిపార్ట్‌మెంట్లు పెట్టుకుని ఈ ప్రాంతం బొగ్గు తర్వాత ఎట్ల బతకాలె అని అందరూ కలిసి కూసొని రాసిన కాగితం ఏదని జనం అడుగుతున్నరు. అడగాల్సిన ప్రశ్నే. జవాబు కోసం కొంచెం ఎనకకు పోవాలె.

1871ల ఇల్లందు దగ్గర బొగ్గు దొరికిన కథ, నిజాం కాలం సంగతి, 1971ల బీ థర్మల్ వచ్చుడు, 1983ల ఎన్టీపీసీ మొదటి యూనిట్ తిరుగుడు, ఇవన్నీ అందరికీ తెల్సినయే, వదిలేస్తున్న. 2021ల గ్లాస్గో వాతావరణ సదస్సుల ప్రధాని చెప్పిన 2070 నెట్ జీరో మాట కూడా తెల్సిందే. మామూలుగ అందరూ కథను అక్కడ్నుంచే ఎత్తుకుంటరు, తర్వాత 2022 జులైల ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 500 ఎకరాల్ల 100 మెగావాట్ల తేలే సోలార్ వచ్చింది, బొగ్గుకు దిగుడు అప్పుడే షురూ అయిందంటరు. నాకైతే ఆ లెక్క కుదరదు. కోల్‌బెల్ట్‌ల పనిచేసేటోళ్లకు అసలు మార్పు సోలార్ ప్యానెల్ మొహం చూడకముందే అయిపోయింది, అండర్‌గ్రౌండ్ నుంచి ఓపెన్‌కాస్ట్‌కు మారినప్పుడే.

1990ల మొదట్ల సింగరేణిల లక్షకు పైన మంది పర్మినెంట్ కార్మికులు. తీసే బొగ్గు ఏడాదికి రెండు కోట్ల టన్నులకు అటూ ఇటూ. 2023-24ల తీసింది 7 కోట్ల టన్నులు, మనుషులు 40 వేల చిల్లర. ఇంకోసారి చదువుకోండి, బొగ్గు మూడింతలు దాటి పెరిగింది, కొలువులు సగానికంటే కిందికి పడ్డయ్. ఈ ముప్పై ఏండ్లల్ల బొగ్గుకు ఏ గిరాకీ తగ్గలేదు, ఏ పర్యావరణ చట్టమూ బాయి మూయలేదు. కంపెనీ నష్టాలల్ల మునిగి బీఐఎఫ్ఆర్ (ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి చూసే బోర్డు) దాకా పోయిన కాలం అది, ఖర్చు తగ్గాలె, టన్ను రేటు దిగాలె, అండర్‌గ్రౌండ్‌ల తట్ట, చెమ్మస్ (పార)తోని బొగ్గు నింపే ఫిల్లర్ జాగల మిషిన్ వచ్చింది, ఓపెన్‌కాస్ట్‌ల డంపర్, షావెల్ వచ్చినయ్, మట్టి తీసే ఓబీ పని కాంట్రాక్టర్‌కు పోయింది. లెక్కకు అండర్‌గ్రౌండ్ బాయిలు ఇప్పటికీ ఇరవై దాకా ఉన్నయ్ గాని బొగ్గుల పదింట తొమ్మిది వంతులు ఓపెన్‌కాస్ట్‌దే.

బెల్లంపల్లి పోయి చూస్తే సమజైతది. ఒకప్పుడు షిఫ్ట్ సైరన్ మీద ఊరంతా నడిచేది, జీతాల రోజు అంగడి బజార్ల కాలు పెట్టే సందు ఉండేది కాదు. బాయిలు ఒకటెనక ఒకటి మూతపడ్డయ్, మనుషులను శ్రీరాంపూర్, గోదావరిఖని దిక్కు ట్రాన్స్‌ఫర్ చేసిన్రు, క్వార్టర్లు ఖాళీ, వడ్డీ వ్యాపారి కూడా ఊరు మారిండు. బొగ్గు పోతే ఊరు ఏమైతదని ఇప్పుడు సెమినార్లల్ల జార్ఖండ్ ఉదాహరణలు, జర్మనీ ఉదాహరణలు చెప్తున్నరు, మన బెల్లంపల్లి మాత్రం ఎవరి స్లైడ్‌ల కనబడదు.

మరి ఇదంతా అయితున్నప్పుడు యూనివర్సిటీలు ఏం చేసినయ్ అంటే, నిజం చెప్పాలంటే ఎవరి పని వాళ్లు చేసిన్రు. కొత్తగూడెం మైన్స్ కాలేజీల రూఫ్ సపోర్ట్, బ్లాస్టింగ్, భూమి కుంగుడు మీద చదువులు. ఎన్‌ఐటీల, అంటే 2002 దాకా ఆర్‌ఈసీ, గ్రిడ్, ఇన్వర్టర్, పవర్ ఎలక్ట్రానిక్స్. కాకతీయల సోషియాలజీ, ఎకనామిక్స్ దిక్కు నిర్వాసితులు, యూనియన్లు, కార్మికుల అప్పులు. వరంగల్ ఎంజీఎం దవాఖానల చాతీ డాక్టర్లు చూసేది దుమ్ముతోని వచ్చే దగ్గు. కేయూ క్రాస్ నుంచి ఎన్‌ఐటీ గేటుకు ఆటోల పావుగంట గూడ పట్టదు. ఆ పావుగంట దూరంల ఒకరు టన్నుకు ఎంత పేలుడు మందు పడ్తదో లెక్కేసిన్రు, ఇంకొకరు ఆ పేలుడుకు గోడలు పగిలిన ఇండ్లు లెక్కేసిన్రు, రెండు లెక్కలు ఒక్క థీసిస్‌ల కలవలే.

ఎందుకు కలవలేదన్నదానికి రూల్స్ సాకు చెప్తరు. ఇప్పుడా సాకు కూడా సగమే నిలుస్తది, యూజీసీ 2022 పీహెచ్‌డీ రూల్స్ వేరే డిపార్ట్‌మెంట్ నుంచి, వేరే సంస్థ నుంచి కూడా కో-గైడ్‌ను పెట్టుకోవచ్చని చెప్పినయ్. అసలు చిక్కు కొలువు దగ్గర ఉంది. అసిస్టెంట్ ప్రొఫెసర్ నోటిఫికేషన్ డిపార్ట్‌మెంట్ పేరు మీద వస్తది, 2018 రూల్స్ ప్రకారం పీజీ సంబంధిత సబ్జెక్టులనో, దాని దగ్గరి సబ్జెక్టులనో ఉండాలె, ఆ దగ్గరితనం ఎంతనేది ఇంటర్వ్యూల కూసున్నోళ్ల చేతిల ఉంటది. గనుల మూసివేత మీద సగం ఇంజినీరింగ్, సగం సోషియాలజీ చేసిన పిలగాడిని రెండు డిపార్ట్‌మెంట్లూ పక్కోడి పిలగాడే అంటయ్. పైగా రాష్ట్ర యూనివర్సిటీలల్ల పోస్టులు ఏండ్ల తరబడి ఖాళీ, ఉన్న ఒకరిద్దరికి క్లాసులు చెప్పుడే సరిపోతది, ఇగ పక్క డిపార్ట్‌మెంట్ గడప ఎప్పుడు తొక్కాలె.

2025ల ఇంకోటి జరిగింది. కొత్తగూడెం మైన్స్ కాలేజీని కాకతీయ నుంచి తీసి ఎర్త్ సైన్సెస్ యూనివర్సిటీ చేసిన్రు. కొత్తగూడేనికి మంచిదే, ఎవరూ కాదనరు. గని చదువు ఒక యూనివర్సిటీల, గని ఊర్ల చదువు ఇంకో యూనివర్సిటీల పడ్డదన్న సంగతి మాత్రం ఆ సంబురంల పెద్దగ ఎవరూ ఎత్తలే.

బొగ్గు ప్లాంటు కావాలనేటోళ్ల మాట కూడా చెప్పాలె. 2025 మార్చిల రాష్ట్రం పీక్ డిమాండ్ 17 వేల మెగావాట్లు దాటింది. విభజన చట్టంల రాసిన 4000 మెగావాట్లల్ల ఎన్టీపీసీ ఇప్పటిదాకా ఇచ్చింది 1600. సోలార్‌కు పొద్దుగూకితే పనిలేదు, 100 మెగావాట్ల ప్యానెళ్లు ఏడాది మొత్తం మీద సగటున ఇరవై మెగావాట్ల కరెంటు ఇస్తే గొప్ప. ఇంజినీర్లు చెప్పే ఈ లెక్కల తప్పు లేదు. గాని దాని ఎనక కొలువులొస్తయని లీడర్లు చెప్పేది వేరే ముచ్చట. పాత బీ థర్మల్ 62.5 మెగావాట్లకు వందల మందికి కొలువిచ్చింది, ఇయ్యాల్టి పెద్ద యూనిట్లకు మెగావాట్‌కు ఒక్క మనిషి కూడా పట్టడు. ఓపెన్‌కాస్ట్ వచ్చినప్పుడు కూడా కొలువుల మాటే చెప్పిన్రు.

ఇగ మేడిపల్లి. పగలు సోలార్ మిగిలినప్పుడు కింది గుంతల నీళ్లు మీది రిజర్వాయర్‌కు తోడుడు, పొద్దుమీకి వదిలి టర్బైన్ తిప్పుడు, పెట్టిన కరెంటుల 75-80 శాతం తిరిగొస్తది. కాగితం మీద మస్తుగుంది. గుంత దగ్గర నిలబడి చూస్తే వేరే ప్రశ్నలొస్తయ్. మెట్లు మెట్లుగ కోసిన గోడలు, అడుగున నీళ్లు, చుట్టూ ఓబీ మట్టి గుట్టలు. వదులుగ పోసిన మట్టి అది, నీళ్లు రోజూ ఎక్కుతుంటే దిగుతుంటే గోడ ఆగుతదా అనేది జియాలజీ, మైనింగ్ వాళ్లు చెప్పాలె. ఆ నీళ్లల్ల ఏం కరిగుందో కెమిస్ట్రీ వాళ్లు చెప్పాలె. ఊర్ల బోర్ల మీద ఏం పడ్తదో హైడ్రాలజీ. భూమి ఎవరిది అనేది లా, రెవెన్యూ రికార్డు. ఇంతమందిని ఒక్క గుంత పిలుస్తుంది.

పాత లెక్క ఎట్లుందో ఒక్కటి చెప్తా. 2009ల కేంద్రం తెచ్చిన గనుల మూసివేత గైడ్‌లైన్స్‌ల కంపెనీ ముందే ఎస్క్రో ఖాతాల, అంటే గని మూసుడుకే పక్కకు పెట్టిన ఖాతాల, పైసలు దాయాల్సి ఉండె, ఓపెన్‌కాస్ట్‌కు హెక్టార్‌కు 6 లక్షలు, అండర్‌గ్రౌండ్‌కు హెక్టార్‌కు లక్ష. భూమి ఎంత చెడితే అంత. ఒప్పుకుంట, భూమి లెక్కకు అది సరే. కాని మనుషులు ఎక్కువుండేది అండర్‌గ్రౌండ్‌ల, బాయి మూస్తే ఖాళీ అయ్యేది ఆ ఊర్లే, ఎస్క్రోల తక్కువ పడేది గూడ అక్కడే. ఈ ఫార్ములా రాసిన టేబుల్ మీద ఒక్క ఎకనామిక్స్ మాస్టర్ ఉన్నా హెక్టార్ పక్కన మస్టర్ రోల్ (కార్మికుల హాజరు పట్టీ) గూడ పెట్టమనేటోడు.

2022 ఏప్రిల్‌ల కేంద్ర కేబినెట్ ఇంకో పాలసీ ఇచ్చింది. 1957 కోల్ బేరింగ్ ఏరియాస్ చట్టం కింద తీసుకున్న భూమిల బొగ్గు అయిపోతే, దాన్ని సోలార్ లాంటి ప్రాజెక్టులకు లీజుకియ్యొచ్చు, ఓనర్‌షిప్ మాత్రం కంపెనీ దగ్గరే. సింగరేణిల కొన్ని భూములు ఈ చట్టం కింద వచ్చినయ్, కొన్ని 1894 భూసేకరణ చట్టం కింద. అందుకే ఏ గుంతల కరెంటు ప్రాజెక్టు పెట్టాలన్నా ఏ సర్వే నంబర్ ఏ చట్టం కిందిదో తేలాలె, భూమిచ్చినోళ్లు బొగ్గుకే ఇచ్చినం, కరెంటు అమ్ముకునుడుకు ఇయ్యలేదని అంటే ఏం చెప్తరో తేలాలె. ప్రాజెక్ట్ రిపోర్ట్ రాసేటోళ్లల్ల ఆ సర్వే నంబర్లు చదవగలిగేటోడు, గోడ వాలు కొలిచేటోడు ఇద్దరూ ఉన్నరా అనేది ఇప్పుడు అడగాల్సిన ప్రశ్న, టెండర్ అయిపోయినంక అడిగితే లాభం లేదు.