పంచాయితీ అంటే లొల్లా, లొల్లి తెంపుడా?

నల్లగొండ, పాలమూరు దిక్కు ఎవరన్నా "వాళ్లింట్ల పంచాయితీ అయితుంది" అంటే తగాదా నడుస్తుందని అర్థం, అదే మనిషి "రేపు పంచాయితీ ఉంది, రమ్మన్నరు" అంటే ఆ తగాదా తెంపనీకి పెద్దమనుషులు కూసుంటున్నరని అర్థం. రోగానికీ మందుకూ ఒకటే పేరు పెట్టినట్టు. ముసలోళ్లయితే పంచాది అంటరు: గట్టు పంచాది, దారి పంచాది, ఆలుమొగల పంచాది. కృష్ణా నీళ్ల కొట్లాట, ఆర్డీఎస్ (రాజోలిబండ) కాల్వ కొట్లాట గూడ పేపర్ల నీళ్ల పంచాయితీయే.

పంచ అంటే ఐదు, ఐదుగురు కూసొని న్యాయం చెప్పేది పంచాయితీ, అందరికీ తెలిసిన సంగతే. మరి న్యాయం చెప్పే మాట కొట్లాటకు పేరెట్ల అయ్యింది? ఈ ఒక్క మాటే కాదు, తగవు అన్నా పాత తెలుగుల న్యాయం అనే, తగిన పద్ధతి అని, తగవరి అంటే న్యాయం చెప్పేటోడు. ఇయాల తగువు అంటే ఉత్త జగడం. రచ్చ అంటే నలుగురు కూసునే చోటు, ఇంట గెలిచి రచ్చ గెలువుమన్న సామెతల ఉన్నది ఆ రచ్చనే, ఇప్పుడు రచ్చ చేయకు అంటే గొడవ చేయకని. మూడు మాటలూ ఒకే దిక్కు జారినయి. నాకు అనిపించేది ఏందంటే, తీర్పు చెప్పే గద్దె మీద ఎవరు కూసున్నరు అన్న దాంట్లనే ఈ జారుడుకు కారణం చాలా వరకు ఉంది, కనీసం మా దిక్కు.

నిజాం కాలంల ఊరికి మాలీ పటేల్, పోలీస్ పటేల్, పట్వారి ఉండేటోళ్లు, వాళ్ల మీద దేశ్‌ముఖ్‌లు, దొరలు. భూమి లెక్క వాళ్ల దగ్గర్నే, శిస్తు వసూలు వాళ్లదే, కొట్లాట అయితే తీర్పూ వాళ్లదే. అన్నదమ్ములు గెట్టు కాడ మాటామాటా అనుకుంటే కబురు గడికి, అంటే దొర కోటలాంటి ఇంటికి పోయేది, ఇద్దరినీ పిలిపించి జుర్మానా వేసేటోళ్లు, ఆ పైసలు కట్టలేక అప్పు, అప్పు తీర్చలేక వెట్టి. అట్లాంటప్పుడు పంచాయితీ అన్న మాట వింటే మనిషికి న్యాయం యాదికొస్తదా, ఆపద యాదికొస్తదా?

1944ల భువనగిరిల ఆంధ్ర మహాసభ అయినంక, జనం సంఘం అని పిలిచిన ఆ మహాసభ ఊర్లల్ల బలపడ్డది. 1946 జూలై 4న కడవెండిల దొడ్డి కొమరయ్య విస్నూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పులల్ల చనిపోయిండు, ఆ తర్వాత ఉద్యమం నల్లగొండ జిల్లా అంతా పాకింది. సంఘం చేతిల ఉన్న ఊర్లల్ల గ్రామ కమిటీలు ఏర్పడ్డయి, భూమి పంచుడు, అప్పుల లెక్క, ఇంటి తగాదాలు అన్నీ ఆ కమిటీల ముందుకే వచ్చేటివి, గడి గేటు దాటనీకి భయపడ్డోళ్లు అక్కడ కూసొని మాట్లాడిన్రు. 1951 అక్టోబర్‌ల ఆ తెలంగాణ సాయుధ పోరాటం విరమించిన్రు, ఆ కమిటీలు నిలువలే గానీ పంచాయితీల మనం గూడ కూసోవచ్చు అన్న సంగతి జనానికి తెలిసిపోయింది.

తర్వాత సర్కారు ఈ పేరు తీసుకున్నది. 1959ల నెహ్రూ మన షాద్‌నగర్‌కు వచ్చి రాష్ట్రంల పంచాయతీరాజ్ మొదలుపెట్టిండు. అప్పటి సంది పంచాయతీ అంటే ఆఫీసు, సర్పంచ్, నల్లా పన్ను, మోరీలు. కొట్లాటలు మాత్రం పెద్దమనుషుల కాడనే ఉండిపోయినయి, 1984ల పటేల్ పట్వారీ వ్యవస్థ పోయినా సరే.

ఇప్పటికీ పద్ధతి అదే. ముందు రెండు దిక్కుల వాళ్లూ డిపాజిట్ పెట్టాలె, ఇంత పైస అని, తీర్పు దాటినోని డిపాజిట్ పోతది. ఒక్కో దిక్కును విడిగా పక్కకు తీస్కపోయి మాట్లాడుతరు, మళ్ల కలిపి కూసోపెడుతరు, పొద్దుగూకేదాక నడుస్తది. ఆఖరుకు కాగితం రాస్తరు, ఇగ ముందు ఎవరు లేవదీసినా ఇంత జుర్మానా అని, కింద సాక్షుల సంతకాలు, వేలిముద్రలు. ఆలుమొగల పంచాదిల ఆ పిల్ల వెనక కూసుంటది, తండ్రో మేనమామో మాట్లాడుతడు, ఆమెను నేరుగ అడిగేటోళ్లు తక్కువ. ఇది నాకు మస్తు బాధ అనిపిస్తది, బతుకాల్సింది ఆమె కదా.

భూమి కాడికొస్తే కథ ఇంకా చిక్కు. తెల్లకాగితం మీద కొన్న సాదాబైనామా భూములు ఊరూరా ఉన్నయి, కొన్నోడు దున్నుకుంటుంటడు, రికార్డుల అమ్మినోని పేరే ఉంటది, వాని కొడుకులు పెద్దయి అడుగుతరు, అప్పుడు 1954-55 ఖాస్రా పహాణీ అనే పాత భూమి రికార్డు కాడికెళ్లి తవ్వుడు మొదలైతది. తెలంగాణల 2020 భూమి హక్కుల చట్టంతోటి రెవెన్యూ కోర్టులు తీసేసిన్రు, సివిల్ కోర్టుకు పో అన్నరు, ఏండ్లకు ఏండ్లు తిరిగే ఓపిక లేనోడు మళ్ల పెద్దమనుషుల తావుకే వచ్చిండు. 2025ల భూభారతి చట్టంతో ఆర్డీవో, కలెక్టర్ దగ్గర అప్పీలు మళ్ల వచ్చింది.

గట్టు, దారి, అప్పు లాంటియి ఊర్ల తెగితే మంచిదే. కానీ అత్యాచారం, ఎస్సీ ఎస్టీల మీద దాడి, కులం కాని పెండ్లి, వీటిని పైసలతోటి తెంపుడు పంచాయితీ కాదు, నేరాన్ని కప్పుడు. మేజర్ల పెండ్లిల తలదూర్చే కుల పంచాయితీలు చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2018ల చెప్పింది. వెలివేసుడు గూడ అంతే, ఎవరికీ ఆ హక్కు లేదు.

ఊరి కాగితానికి కోర్టుల డిక్రీ (కోర్టు తీర్పు) విలువ ఉండదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం సముదాయ మధ్యవర్తిత్వాన్ని, అంటే ఇరుగుపొరుగు తగాదాలను రాజీ చేసుడును గుర్తించింది, అయినా అట్ల కుదిరిన ఒప్పందం సివిల్ కోర్టు డిక్రీ లెక్క అమలు కాదని అండ్లనే రాసి ఉంది. లోక్ అదాలత్ అవార్డు, అంటే అక్కడ రాసిచ్చే రాజీ తీర్పు, అట్ల కాదు, అది డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు, కేసు వేయకముందే ప్రీ లిటిగేషన్ కింద గూడ పోవచ్చు. ఊర్ల రాజీ కుదిరినోళ్లు ఇద్దరూ కలిసి ఆ కాగితం పట్టుకొని దగ్గర్ల ఉన్న న్యాయసేవల కమిటీకి పోయి అవార్డు చేయించుకోండి, డిపాజిట్ పైసలు ఎవరి జేబుల పెట్టాలె అన్న ఇంకో పంచాయితీ గూడ ఉండదు.