జూట్ మిల్లులో కొత్త మనిషి: అపోహలు - వాస్తవాలు

నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం వైపు జూట్ మిల్లుల్లో కొత్తవాళ్లకు పని నేర్పే మేస్త్రీలు, సూపర్‌వైజర్ల కోసం ఇది.

అపోహ: నలుగురికీ పరిచయం చేసి మిషను ముందు నిలబెడితే స్వాగతం పూర్తయినట్టే.

వాస్తవం: 1940-45 మధ్య అమెరికా ఫ్యాక్టరీల కోసం నడిచిన టీడబ్ల్యూఐ (ట్రైనింగ్ వితిన్ ఇండస్ట్రీ) శిక్షణలో పని నేర్పడానికి నాలుగు మెట్లున్నాయి: మనిషిని సిద్ధం చేయడం, చేసి చూపడం, చేయించి చూడడం, ఆ తర్వాత కనిపెట్టుకుని ఉండడం. మనం ఎగ్గొట్టేది ఎప్పుడూ నాలుగోదే. మనిషి పని మానేసేదీ, వేలు నలిగేదీ కూడా అప్పుడే. సందేహమొస్తే ఎవరి దగ్గరకెళ్లాలో ఒక్క పేరు చెప్పండి. ‘ఎవర్నైనా అడుగు’ అంటే ఎవర్నీ అడగడు. మొదటి షిఫ్టులో గంటకోసారి, మర్నాడు మూడు నాలుగుసార్లు, వారాంతానికి రోజుకోసారి వెళ్లి చూడండి. ఒక్కసారిగా వదిలేయొద్దు.

అపోహ: ‘అర్థమైందా?’ అంటే తలూపాడు, ఇక వచ్చేసినట్టే.

వాస్తవం: పెద్దవాళ్లకు ‘లేదు’ అని చెప్పలేక తలూపుతారు. తెగిన పోగు అతకడమే తీసుకోండి. ముందు మాట్లాడకుండా చేయమనండి, తప్పుంటే అక్కడే ఆపి సరిచేయండి. రెండోసారి ఏం చేస్తున్నాడో చెబుతూ చేయాలి. మూడోసారి ఎందుకలా చేస్తున్నాడో చెప్పాలి. ఆ ‘ఎందుకు’ చాలా ముఖ్యం. రోలరుకు నార చుట్టుకుంటే మిషను ఆపాకే తీయాలన్నది బట్టీపట్టినవాడు ప్రొడక్షన్ తొందరలో తిరుగుతుండగానే చెయ్యి పెడతాడు. జనపనార అంత తేలిగ్గా తెగదు, వేలిని లోపలికి లాక్కుపోతుంది. ఆ సంగతి తెలిసినవాడు ఆగుతాడు.

ఇదంతా నడుస్తున్న ఫ్రేముల (నూలు వడికే మిషన్ల) మధ్య చెబితే సగం వినబడదు. మాటలన్నీ షెడ్డు బయట చెప్పి, చేసి చూపించడం లోపల పెట్టుకోండి.

అపోహ: రూల్సన్నీ మొదటి రోజే చెప్పేయాలి.

వాస్తవం: గుర్తుండవు. తన మిషను ఆపడమెలా, మంటలొస్తే ఏ దారిన బయటపడాలి, తాగునీళ్లు, మరుగుదొడ్డి ఎక్కడ, సెలవు ఎవర్ని అడగాలి: మొదటి రోజుకి ఇవి చాలు. చివరిది చిన్న విషయంగా తీసుకోకండి. విజయనగరం పైడితల్లి పండగ సిరిమాను మంగళవారానికి సెలవు ఎవర్ని అడగాలో తెలియనివాడు అడక్కుండానే మానేస్తాడు, ఆ భయంతో మర్నాడూ రాడు.

అపోహ: వేరే మిల్లులో చేసొచ్చినవాడికి ఏమీ చెప్పక్కర్లేదు.

వాస్తవం: చేతి అలవాటు పాత మిషనుది. ఆపే స్విచ్చు ఇక్కడ వేరేచోట ఉండొచ్చు. వెతుక్కోకుండా చెయ్యి దానిమీదికి వెళ్లేదాకా ఆపించి చూడండి. పాత పీఎఫ్ యూఏఎన్ నంబరు (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) అడిగి అదే కొనసాగించండి, కొత్తది తీయించొద్దు.