బోనస్ వాళ్లకు, బిల్లు ఖజానాకు: ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ నేపథ్యం

అమెరికాలో ఇంటి అప్పులు కొనే పెద్ద కంపెనీ ఫ్యానీ మే 1998కి చూపించిన ఆదాయం షేరుకు 3.23 డాలర్లు. పై అధికారులకు ఆ ఏడాది బోనస్ పూర్తిగా దక్కాలంటే రావలసిందీ సరిగ్గా 3.23 డాలర్లే. 3.13 దాటకపోతే ఎవరికీ ఏమీ రాదు. లెక్క వచ్చి పైమెట్టు మీదే ఆగింది. బోనస్‌ల కింద 2.71 కోట్ల డాలర్లు పంచుకున్నారు.

ఆ లెక్క కుదిరిన తీరు చూడాలి. ఇంటి అప్పుల్ని ముఖ విలువకన్నా కాస్త ఎక్కువ పెట్టి కొన్నప్పుడు, ఆ అదనపు మొత్తాన్ని అప్పు నడిచినన్నాళ్లూ కొంచెం కొంచెంగా ఖర్చు రాయాలి. 1998లో వడ్డీరేట్లు పడిపోయాయి. జనం పాత అప్పులు ముందే తీర్చేసి తక్కువ వడ్డీకి కొత్తవి తీసుకున్నారు. అప్పు ఆయుష్షు తగ్గింది కాబట్టి మిగిలిన ఖర్చంతా వెంటనే రాయాలి. సంస్థ సొంత లెక్క ప్రకారమే అది దాదాపు 40 కోట్ల డాలర్లు. పుస్తకాల్లో రాసింది అందులో సగం. మిగతా 20 కోట్లు తర్వాతి ఏళ్లకు నెట్టేశారు. మొత్తం రాసి ఉంటే బోనస్‌ల సంచి ఖాళీ. ఈ సంగతి నియంత్రణ సంస్థ బయటపెట్టేసరికి 2004 వచ్చింది. ఆరేళ్లు ఎవరూ ఎందుకు అడగలేదన్న ప్రశ్నకు జవాబు లెక్కల పుస్తకాల్లో కన్నా వాషింగ్టన్ రాజకీయాల్లోనే ఎక్కువ దొరుకుతుంది.

ఫ్యానీ మే 1938లో, రూజ్వెల్ట్ హయాంలో సర్కారు సంస్థగా పుట్టింది. 1968లో దాన్ని వాటాదారుల కంపెనీగా మార్చారు. దాని అప్పులు ప్రభుత్వ పద్దులో కనపడకుండా చేయడం ఆ మార్పుకున్న పెద్ద కారణం. 1970లో దానికి జోడీగా ఫ్రెడీ మాక్ వచ్చింది. ఇవి నేరుగా ఎవరికీ అప్పివ్వవు. బ్యాంకు ఇచ్చిన ఇంటి అప్పును కొంటాయి. కొన్నింటిని తమ దగ్గరే ఉంచుకుంటాయి, ఎక్కువ భాగాన్ని కట్టలు కట్టి బాండ్లుగా అమ్ముతాయి. తీసుకున్నవాడు ఎగ్గొడితే మేం కడతామని పూచీ పడి, అందుకు ఏటా అప్పులో దాదాపు 0.2 శాతం రుసుము తీసుకునేవి. డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో 30 ఏళ్ల స్థిర వడ్డీకి ఇల్లు కొన్న తెలుగువాళ్లలో చాలామంది అప్పు కాగితాలూ చివరికి ఈ రెంటిలో ఒకదాని దగ్గరికే చేరతాయి. నెలనెలా వాయిదా వసూలు చేసే కంపెనీ పేరు వేరు కావడంతో ఆ సంగతి చాలామందికి తెలియదు.

కంపెనీలు ప్రైవేటువే అయినా సర్కారు వాసన పోలేదు. రాష్ట్ర, స్థానిక ఆదాయపు పన్ను లేదు. ఒక్కోదానికి ఖజానా నుంచి 225 కోట్ల డాలర్ల వరకు అప్పు తీసుకునే వీలు ఉంది. 18 మంది డైరెక్టర్లలో ఐదుగురిని అధ్యక్షుడే నియమించేవాడు. మునిగితే ప్రభుత్వం ఆదుకుంటుందని చట్టంలో ఎక్కడా లేదు. పైగా లేదనే బాండు పత్రాల మీద అచ్చువేసేవారు. కొనేవాళ్లెవరూ దాన్ని నమ్మలేదు. అందుకే వీటికి అప్పు చవగ్గా పుట్టేది. 1995లో ఈ చాటు పూచీ విలువ 650 కోట్ల డాలర్లని అమెరికా కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం అంచనా కట్టింది. అందులో 440 కోట్లు ఇల్లు కొన్నవాళ్లకు తక్కువ వడ్డీ రూపంలో అందాయి. 210 కోట్లు మధ్యలో వాటాదారుల దగ్గర, అధికారుల దగ్గర ఆగిపోయాయి. రాజకీయం నడిచిందంతా ఈ మధ్యలో ఆగిన సొమ్మును కాపాడుకోవడానికే.

1992 చట్టం ఆ కాపుదలకు పునాది. పూచీ ఇచ్చిన అప్పుకు 0.45 శాతం, దగ్గర ఉంచుకున్న అప్పుకు 2.5 శాతం సొంత మూలధనం, అంటే నష్టం వస్తే భరించే సొంత డబ్బు, చాలన్నారు. అంటే 2 లక్షల డాలర్ల ఇంటి అప్పుకు పూచీ పడాలంటే 900 డాలర్లు ఉంటే చాలు. అదే అప్పు బ్యాంకు దగ్గరుంటే 8,000 డాలర్లు చూపించాలి. ఇక పర్యవేక్షణకు ఓఫియో అనే కొత్త కార్యాలయం పెట్టారు. దాని ఖర్చు ఆ రెండు కంపెనీలే చెల్లించాలి కానీ, ఏటా ఎంత ఖర్చు పెట్టుకోవచ్చో కాంగ్రెస్ ఆమోదించాలి. బ్యాంకుల పర్యవేక్షకులకు ఆ ఇబ్బంది లేదు. ఓఫియో జుట్టు ఎంపీల చేతిలో, ఎంపీలు కంపెనీల అందుబాటులో.

అందుబాటు అంటే లంచమని కాదు. లంచమైతే పట్టుకోవడం తేలిక. 1991 నుంచి 1998 వరకు ఫ్యానీ మేని నడిపిన జేమ్స్ జాన్సన్ అంతకుముందు 1984 అధ్యక్ష ఎన్నికల్లో వాల్టర్ మాండేల్ ప్రచార సారథి. ఆయన తర్వాత వచ్చిన ఫ్రాంక్లిన్ రెయిన్స్ క్లింటన్ దగ్గర బడ్జెట్ డైరెక్టర్. దీన్ని డెమోక్రాట్ల ఇంటి వ్యవహారంగా చెప్పేవాళ్లున్నారు, అది సగం నిజమే. రిపబ్లికన్ రాబర్ట్ జోలిక్ కూడా తొంభైల్లో ఫ్యానీ మేలో పెద్ద పదవి చేశాడు. ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ న్యూట్ గింగ్రిచ్ సలహాల పేరిట ఫ్రెడీ మాక్ నుంచి దాదాపు 16 లక్షల డాలర్లు తీసుకున్నాడు. ఫ్యానీ మే దేశమంతటా 50కి పైగా 'భాగస్వామ్య కార్యాలయాలు' తెరిచింది. స్థానిక ఇళ్ల పథకం ప్రకటించే రోజున ఆ ప్రాంత సెనేటరో ప్రతినిధో కెమెరా ముందు నిలబడేవాడు. చేతులు మారిన డబ్బేమీ లేదు, కానీ రేపు ఓటింగ్ రోజున ఆ ఫొటో గుర్తుంటుంది. 1998 తర్వాతి పదేళ్లలో రెండు సంస్థలూ కలిపి పైరవీలకు పెట్టిన ఖర్చు 17 కోట్ల డాలర్ల పైమాటే. మనకు కావలసిన నిబంధనలు మనమే రాసుకోగలిగేవాళ్లం, లేదా రాయించుకోగలిగేవాళ్లం అని 2004లో ఫ్యానీ మే ఉన్నతాధికారి డేనియల్ మడ్ తన పైవాడైన రెయిన్స్‌కు రాసిన నోట్ తర్వాత దర్యాప్తులో బయటపడింది.

ఫ్రెడీ మాక్ అంత నాజూకుగా పోలేదు. 2000–2003 మధ్య దాని పైరవీకారులు దాదాపు 85 విరాళాల విందులు పెట్టి, ఎంపీల కోసం సుమారు 17 లక్షల డాలర్లు పోగుచేశారు. ఎక్కువ విందులు తమను పర్యవేక్షించే ప్రతినిధుల సభ ఆర్థిక సేవల కమిటీ సభ్యుల కోసమే. ఎన్నికలకు కంపెనీ వనరులు వాడకూడదన్న చట్టాన్ని మీరినందుకు 2006లో 38 లక్షల డాలర్ల జరిమానా పడింది. ఎన్నికల కమిషన్ చరిత్రలో అప్పటికి అదే పెద్దది. 2005లో రెండు సంస్థలకూ పగ్గం వేసే బిల్లు సెనేట్ కమిటీ దాటింది. ఫ్రెడీ మాక్ ఒక ప్రచార సంస్థకు గుట్టుగా 20 లక్షల డాలర్లిచ్చి, 13 రాష్ట్రాల్లో 17 మంది రిపబ్లికన్ సెనేటర్ల మీద వాళ్ల ఓటర్లతోనే ఒత్తిడి తెప్పించింది. బిల్లు సభ ముందుకే రాలేదు. ఫ్యానీ మే, ఫ్రెడీ మాక్ ప్రమాదకరమైన అప్పుల్లోకి బాగా దిగింది ఆ తర్వాతే.

ఆ అప్పుల్ని ఫ్యానీ మేకి అందరికన్నా ఎక్కువగా అమ్మిన కంపెనీ కంట్రీవైడ్. దాని అధిపతి ఏంజెలో మోజిలో. ఆ కంపెనీలో ప్రముఖుల అప్పుల కోసమే ఒక విభాగం ఉండేది. లోపలివాళ్లు దానికి పెట్టుకున్న పేరు 'ఏంజెలో స్నేహితులు'. ఇక్కడ చేసిన మేలు పైకి కనపడేది కాదు. అమెరికాలో వడ్డీ తగ్గించుకోవాలంటే ముందే 'పాయింట్లు' కట్టాలి. ఒక పాయింటు అంటే అప్పులో 1 శాతం. ప్రముఖులకు ఆ పాయింటు కట్టించుకోకుండానే తక్కువ వడ్డీ వేసేవారు, కాగితాల రుసుములు కొన్ని ఎత్తేసేవారు. సెనేట్ బడ్జెట్ కమిటీ ఛైర్మన్‌గా చేసిన కెంట్ కాన్రాడ్‌కు డెలావేర్ తీరంలోని ఇంటికి 2004లో 10.7 లక్షల డాలర్ల అప్పు ఇచ్చారు. ఒక పాయింటు తీసేయమని మోజిలో ఈమెయిల్ పెట్టాడు. కాన్రాడ్‌కు ఆదా అయింది 10,700 డాలర్లు. జాబితాలో బ్యాంకింగ్ కమిటీ ఛైర్మన్ క్రిస్ డాడ్ ఉన్నాడు, గృహ నిర్మాణ మంత్రి అల్ఫోన్సో జాక్సన్ ఉన్నాడు, ఫ్యానీ మే అధిపతులుగా చేసిన జాన్సన్, రెయిన్స్ ఇద్దరూ ఉన్నారు. చివరి ఇద్దరి పేర్లే అన్నిటికన్నా ఇబ్బందికరం. సరుకు కొనేవాడికి అమ్మేవాడు చవగ్గా అప్పిచ్చాడన్నమాట.

2008 జూన్‌లో ఇది పత్రికలకెక్కింది. ఒబామాకు ఉపాధ్యక్ష అభ్యర్థిని వెతికే బాధ్యత నుంచి జాన్సన్ తప్పుకున్నాడు. సెనేట్ నైతిక విలువల కమిటీ 2009 ఆగస్టులో డాడ్, కాన్రాడ్‌ల మీద ఫిర్యాదులు కొట్టేసింది. అలాంటి షరతులు బయటివాళ్లకూ దొరికేవి కాబట్టి బహుమతి నిబంధన మీరినట్టు కాదని, అయినా మరికాస్త జాగ్రత్తగా ఉండాల్సిందని మందలించింది. అడగలేదు, తెలియదు అని ఇద్దరూ అన్నారు. తెలియకుండానే అందేలా ఏర్పాటు ఉంది కాబట్టి అది అబద్ధమని తేల్చడం ఎవరి తరమూ కాదు.

2007 చివరికి రెండు సంస్థలకూ కలిపి సొంత మూలధనం ఒక డాలరుంటే మోస్తున్న అప్పుల, పూచీల బరువు 75 డాలర్లు. ఆ బరువు 5 లక్షల కోట్ల డాలర్లు దాటింది. 2008 సెప్టెంబరు 6న ప్రభుత్వం రెంటినీ తన అధీనంలోకి తీసుకుంది. ఖజానా మొత్తం దాదాపు 19,100 కోట్ల డాలర్లు పోసింది.

2008 ఆర్థిక సంక్షోభం మొత్తానికి ఈ రెండే కారణమనే వాదన ఇప్పటికీ వినిపిస్తుంది. లెక్కలు దానికి సరిపోవు. రుణచరిత్ర మార్కులు 660 కన్నా తక్కువున్నవాళ్ల అప్పుల్లో 2008 చివరికి తీవ్రంగా బకాయిపడ్డవి, ఈ రెంటి దగ్గర 6.2 శాతం. వాల్‌స్ట్రీట్ కట్టలు కట్టి అమ్మిన బాండ్లలో 28.3 శాతం. చెత్త అప్పుల బజారు తెరిచింది వాల్‌స్ట్రీటే. బజారులో పోయిన వాటా తిరిగి తెచ్చుకోవాలని ఇవి ఆలస్యంగా అక్కడికి పరుగెత్తాయి. మూలధనం పలుచగా ఉండటంతో ఆలస్యంగా వెళ్లినా మునిగాయి. ఆ పలుచదనమే పైరవీల ఫలం.

ఇక ఎవరు ఎంత కట్టారన్నది. లెక్కల తప్పులకు 2006లో ఫ్యానీ మే 40 కోట్ల డాలర్ల జరిమానా కట్టింది, అంటే వాటాదారులు కట్టారు. రెయిన్స్ 1998–2003 మధ్య తీసుకున్నది 9 కోట్ల డాలర్ల పైన, అందులో 5.2 కోట్లు షేరు ఆదాయం లక్ష్యాలకు ముడిపడినవే. 2008లో ఆయన తప్పు ఒప్పుకోకుండా 2.47 కోట్లకు రాజీపడ్డాడు. అందులో 1.56 కోట్లు అప్పటికి కాగితం విలువ కూడా చేయని షేరు ఆప్షన్లు, అంటే ముందే కుదిరిన ధరకు షేర్లు కొనుక్కునే హక్కులు. నగదు జరిమానా 20 లక్షలు బీమా భరించింది. వాటాదారులు వేసిన దావాలో, ఆయన మోసగించాలనుకున్నట్టు సాక్ష్యం లేదని 2012లో కోర్టు తేల్చింది.

మోజిలో 2010లో 6.75 కోట్ల డాలర్లకు రాజీపడ్డాడు. సొంతంగా కట్టాల్సింది 2.25 కోట్లు, మిగతాది కంట్రీవైడ్‌ని కొన్న బ్యాంక్ ఆఫ్ అమెరికా, బీమా చూసుకున్నాయి. క్రిమినల్ కేసు పెట్టలేదు. అప్పుల తనిఖీ మెట్లు తీసేసి, నాసిరకానివి మంచివని అమ్మారంటూ కంట్రీవైడ్ మీద నడిచిన కేసులో జ్యూరీ దోషమని తేల్చింది, జడ్జి 127 కోట్ల డాలర్ల జరిమానా వేశాడు. 2016లో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఒప్పందం మీరి ఉండవచ్చు, సంతకం పెట్టిననాడే మీరే ఉద్దేశం ఉన్నట్టు రుజువు కాలేదు కాబట్టి అది మోసం కాదంది. ఫ్రెడీ మాక్ మాజీ అధిపతి రిచర్డ్ సైరన్ కేసు 2.5 లక్షల డాలర్లతో ముగిసింది, అదీ బీమా సొమ్ము. డేనియల్ మడ్ తరఫున 2016లో ఖజానాకు లక్ష డాలర్లు కట్టింది ఫ్యానీ మే. అప్పటికి ఆ సంస్థ ఉన్నది ప్రభుత్వ అధీనంలోనే. సర్కారు కుడిజేబులోంచి ఎడమజేబులోకి.

జైలుకెళ్లినవాడు లేకపోలేదు. ఫ్లోరిడాలో ఇంటి అప్పులిచ్చే టేలర్ బీన్ కంపెనీ ఛైర్మన్ లీ ఫార్కస్‌కు 2011లో 30 ఏళ్ల శిక్ష పడింది. ఆ కంపెనీ లోపాలున్న అప్పులు అంటగడుతోందని ఫ్యానీ మే 2002లోనే పసిగట్టి, చప్పుడు కాకుండా సంబంధం తెంచుకుంది. ఎవరినీ హెచ్చరించలేదు. టేలర్ బీన్ నేరుగా ఫ్రెడీ మాక్ దగ్గరికి వెళ్లి మరో ఏడేళ్లు వ్యాపారం చేసుకుంది. ఫార్కస్‌కు వాషింగ్టన్‌లో స్నేహితులు తక్కువ.

చట్టంలో మారినవి కొన్నే. 2008లో ఓఫియో పోయి, బడ్జెట్‌కు కాంగ్రెస్ ఆమోదం అక్కర్లేని కొత్త నియంత్రణ సంస్థ వచ్చింది. అధీనంలోకి తీసుకున్న నెలలోనే రెండు సంస్థల పైరవీలు ఆపించారు. 2012 చట్టంతో, ప్రభుత్వ అధీనంలో ఉన్నంతకాలం వాటి పై అధికారులకు బోనస్‌లు నిషేధించారు. ఎంపీలు తమ సొంత ఇంటి అప్పు ఎవరి దగ్గర తీసుకున్నారో, ఎంత వడ్డీకో, ఏ గడువుకో ఆస్తుల ప్రకటనలో రాయాలన్న నిబంధన వచ్చిందీ ఆ చట్టంతోనే. అంతకుముందు అది రాయనక్కర్లేదు.