ఐస్ హాకీ మ్యాచ్‌కు జనం ఎందుకొస్తారు: అపోహలు - వాస్తవాలు

నా పనేమిటో చెబితే చాలామందికి వెంటనే అర్థం కాదు. ఐస్ హాకీ జట్ల టికెట్ విభాగంలో కూర్చుని ఎవరు ఏ మ్యాచ్‌కు వచ్చారు, ఎందుకు వచ్చారు, మళ్లీ ఎందుకు రాలేదు అన్న లెక్కలు తీస్తుంటాను. గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని ప్రశ్నలడుగుతాను. మర్నాడు టికెట్ స్కాన్ల వివరాలు ముందేసుకుని, వాళ్లు చెప్పినదీ చేసినదీ పక్కపక్కన పెట్టి చూస్తాను. రెండూ కలవడం అరుదు. ఆ తేడా చూసీ చూసీ నా నమ్మకాలు కొన్ని వదిలేసుకున్నాను. కొత్తగా పరిచయమైనవాళ్లు మాత్రం వాటినే మళ్లీ నాకు అప్పజెబుతుంటారు. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను.

అపోహ: కొట్లాట చూడ్డానికే వస్తారు

అందరూ అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఇద్దరు ఆటగాళ్లు గ్లవ్స్ కింద పారేసి కలబడితే హాలంతా లేచి నిలబడుతుంది, నిజమే. నేనూ లేస్తాను. ఉత్తర అమెరికా లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ మీద 1990ల్లో, 2000ల తొలినాళ్లలో వచ్చిన కొన్ని ఆర్థికశాస్త్ర అధ్యయనాలు కూడా కొట్లాటలు ఎక్కువున్న మ్యాచ్‌లకు జనం కాస్త ఎక్కువే వచ్చారని తేల్చాయి. కాబట్టి ఈ మాట ఊరికే పుట్టలేదు.

తర్వాత ఏం జరిగిందో చూడండి. 2008-09 సీజన్‌లో ఎన్‌హెచ్‌ఎల్‌లో కొట్లాటలు 700 దాటాయి. పదేళ్లు తిరిగేసరికి అవి 300 లోపుకు పడిపోయాయి. సరుకు సగానికి పైగా తగ్గితే కొనేవాళ్లూ తగ్గాలి కదా? 2023-24లో ఆ లీగ్ మ్యాచ్‌ల మొత్తం హాజరు 2 కోట్ల 20 లక్షలు దాటింది, అప్పటికి అదే రికార్డు. ఇక ప్రపంచ చాంపియన్‌షిప్ సంగతి. అక్కడ పిడిగుద్దులకు దిగితే ఆటగాణ్ని మిగతా మ్యాచ్ ఆడనివ్వరు. అయినా 2024లో చెక్ రిపబ్లిక్‌లోని ప్రాగ్, ఓస్ట్రావాల్లో జరిగిన టోర్నీకి 7,97,727 మంది వచ్చారు. అంతకుముందు ఏ టోర్నీకీ అంతమంది రాలేదు.

నా ఫారాల్లో కనిపించేది ఇది: నిన్నటి మ్యాచ్‌లో బాగా గుర్తున్నదేమిటని అడిగితే కొట్లాట అంటారు. వచ్చే నెల టికెట్ ఎందుకు కొన్నారని అడిగితే అదే మనిషి దాని ఊసెత్తడు.

అపోహ: జట్టు గెలిస్తే వస్తారు, ఓడితే మానేస్తారు

ఇందులో సగం నిజం ఉంది. రాబర్ట్ చాల్దీనీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త బృందం 1976లో ఒక పరిశీలన ప్రచురించింది. తమ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన తర్వాతి సోమవారం ఆ పేరున్న దుస్తులు వేసుకొచ్చే విద్యార్థులు ఎక్కువ. గెలుపు గురించి మాట్లాడేటప్పుడు ‘మనం’, ఓటమి గురించి మాట్లాడేటప్పుడు ‘వాళ్లు’. ఈ మనం-వాళ్లు తేడా మ్యాచ్ ముగిశాక మెట్లు దిగుతున్న జనం మాటల్లో నాకు రోజూ వినిపిస్తుంది. మొన్న మనం చితక్కొట్టాం, ఇవాళ వాళ్లు చేతులెత్తేశారు!

కానీ గెలుపొక్కటే లాగేదైతే టొరంటో సంగతేమిటి? ఆ ఊరి జట్టు మేపుల్ లీఫ్స్ చివరిసారి స్టాన్లీ కప్, అంటే ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ, గెలిచింది 1967లో. ఆ జట్టు టికెట్ ఇప్పటికీ లీగ్‌లో అతి ఖరీదైనవాటిలో ఒకటి.

నేను ఎక్కువగా ఆలోచించేది మాత్రం విన్నిపెగ్ గురించి. కెనడాలోని ఆ నగరం 1996లో తన జట్టును పోగొట్టుకుంది. జట్టు అమెరికాలోని ఫీనిక్స్‌కు తరలిపోయింది. పదిహేనేళ్ల తర్వాత, 2011లో, అట్లాంటా నుంచి మరో జట్టు వచ్చే అవకాశం కలిగినప్పుడు 13 వేల సీజన్ టికెట్లు అమ్మి చూపించాలన్నారు. సాధారణ ప్రజలకు అమ్మకం తెరిచిన 17 నిమిషాల్లో లెక్క పూర్తయింది. వచ్చే జట్టేమీ గొప్పది కాదు, అప్పటికి దానికింకా పేరే పెట్టలేదు. అంటే వాళ్లు అక్కడ ఆట కొన్నారనడం కంటే, ఊరికి పోయిన పరువును తిరిగి కొన్నారనడం సబబు.

అదే విన్నిపెగ్‌లో 2024 మొదటికి సీజన్ టికెట్లు సుమారు 9,500కు తగ్గాయి. అదేమీ జట్టు ఓడుతున్న ఏడాది కాదు, 110 పాయింట్లతో లీగ్ దశ ముగించిన ఏడాది. గెలుపే కారణమనుకుంటే ఈ లెక్క తలకిందులుగా కనిపిస్తుంది. మా పనిలో ఉన్నవాళ్లకు అంత వింతగా ఉండదు. అప్పటి 82 మ్యాచ్‌ల సీజన్‌లో సొంతగడ్డ మీద జరిగేవి 41. అన్ని రాత్రులు ఒకే మనిషి రావడం కష్టం కాబట్టి ఎక్కడైనా సీజన్ టికెట్లను నలుగురైదుగురు కలిసి కొనుక్కుని వంతులు వేసుకోవడం మామూలే. ఆ గుంపులో ఒకరు ఊరు మారతారు, ఇంకొకరికి మోకాళ్లు మెట్లెక్కనివ్వవు, మూడోవాళ్లకు పిల్లలు పుడతారు. కరోనాలో ఏడాదికి పైగా ఇంట్లో కూర్చున్నాక కొందరికి అలవాటే తప్పింది. గుంపు చెదిరితే జట్టు ఎన్ని గెలిచినా ఆ టికెట్ తిరిగి కొనేవాళ్లుండరు. విన్నిపెగ్‌లో సరిగ్గా ఇదే జరిగిందని అనడం లేదు, ధరలూ ఇంకొన్ని కారణాలూ ఉంటాయి. నా సొంత లెక్కల్లో మాత్రం టికెట్ రెన్యూ చేయనివాళ్లు ఓటములను తిట్టడం కంటే, తోడు లేకపోవడం గురించి చెప్పడమే ఎక్కువ.

అపోహ: పోటీ హోరాహోరీగా ఉంటేనే జనం వస్తారు

ఈ వాదన పాతది. సైమన్ రోటెన్‌బర్గ్ అనే ఆర్థికవేత్త 1956లో బేస్‌బాల్ గురించి రాస్తూ లేవనెత్తాడు. ఎవరు గెలుస్తారో తెలియకపోతేనే ఆసక్తి అని. వినడానికి ఎంతో సబబుగా ఉంటుంది. ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌ల హాజరు మీద 2012లో వచ్చిన ఒక అధ్యయనం మరోలా తేల్చింది: సొంత జట్టు తేలిగ్గా గెలుస్తుందని అంచనా ఉన్న మ్యాచ్‌లకే జనం ఎక్కువ వచ్చారు. నాకిది ఆశ్చర్యం కలిగించలేదు. పిల్లల్ని తీసుకుని, సెలవు రాత్రి డబ్బు ఖర్చుపెట్టి వచ్చే మనిషి టెన్షన్ కావాలంటాడు గానీ, ఆ టెన్షన్ చివరికి మనవైపే తీరాలి. గెలిచిన సంతోషం కంటే ఓడిన బాధ బరువెక్కువ.

అపోహ: టీవీలో చూపిస్తే హాలు ఖాళీ అవుతుంది

షికాగో బ్లాక్‌హాక్స్ యజమాని బిల్ వర్ట్జ్ దీన్ని మనసా వాచా నమ్మాడు. సొంతగడ్డ మ్యాచ్‌లు ఊళ్లో టీవీలో వస్తే, డబ్బు పెట్టి టికెట్ కొన్నవాళ్లకు అన్యాయం చేసినట్టేనని ఆయన వాదన. 2006-07లో ఆ జట్టు సగటు హాజరు 13 వేల లోపే. 20 వేలకు పైగా సీట్లున్న హాలది. 2007 సెప్టెంబరులో ఆయన పోయాక కొడుకు రాకీ పగ్గాలు అందుకుని సొంతగడ్డ మ్యాచ్‌లు టీవీలో పెట్టించాడు. 2008-09కల్లా సగటు 22 వేలకు చేరింది. ఇందులో టీవీ పాత్ర ఎంతో విడదీసి చెప్పలేం, ఎందుకంటే జొనాథన్ టేవ్స్, పాట్రిక్ కేన్ అనే ఇద్దరు కుర్రాళ్లు అప్పుడే జట్టులోకి వచ్చారు. కానీ టీవీ హాలును ఖాళీ చేస్తుందన్న మాటకు మాత్రం అక్కడ సాక్ష్యం దొరకలేదు. ఇంట్లో చూడకపోతే ఆ కుర్రాళ్ల పేర్లయినా జనానికి ఎలా తెలుస్తాయి?

హాకీకి ఇంకో ప్రత్యేకత ఉంది. పక్ మూడంగుళాల వెడల్పు, అంగుళం మందం ఉన్న నల్ల రబ్బరు బిళ్ల. గట్టిగా కొడితే గంటకు 160 కిలోమీటర్లు దాటుతుంది. టీవీలో అది ఎక్కడుందో వెతుక్కోవాలి. 1996లో ఫాక్స్ చానల్ పక్‌లో ఎలక్ట్రానిక్స్ పెట్టి తెరమీద నీలంగా మెరిసేలా చేసింది. పాత అభిమానులు మండిపడ్డారు, రెండేళ్లకు అది పోయింది. హాల్లో ఆ ఇబ్బంది తక్కువ, ఆటగాళ్ల కదలికను బట్టే పక్ ఎటుందో కన్ను పట్టేస్తుంది. పైగా చల్లగాలి, మంచు మీద బ్లేడ్ల గీర, మనిషి మంచు చుట్టూ ఉండే అద్దానికి గుద్దుకున్నప్పుడు దద్దరిల్లే గోడ. మొదటిసారి వచ్చినవాళ్లను ఏం నచ్చిందని అడిగితే చాలామంది చెప్పేది చప్పుడు గురించే. టీవీ ఇవ్వలేనిది అదే.

ఎక్కడ కూర్చోవాలని నన్నడిగితే పై వరసలే చెబుతాను. అద్దం పక్క సీట్లలో భయం, సరదా ఎక్కువ, ఆట తక్కువ కనిపిస్తుంది.

అపోహ: చలిదేశాల వాళ్లే, ఆట తెలిసినవాళ్లే వస్తారు

లాస్ వేగస్ ఎడారిలో ఉంది. అక్కడ జట్టు మంజూరు కాకముందే 10 వేల మందికి పైగా సీజన్ టికెట్లకు డిపాజిట్ కట్టారు. వాళ్లలో ఆఫ్‌సైడ్, ఐసింగ్ నియమాలు తెలియనివాళ్లు ఎందరో ఉండి ఉంటారు. 2017 అక్టోబరు 1న ఆ ఊళ్లో సంగీత కచేరీ మీద కాల్పులు జరిగాయి. 10న ఆ ఊరి జట్టు గోల్డెన్ నైట్స్‌కు సొంతగడ్డ మీద తొలి మ్యాచ్. ఆటగాళ్లను ఒక్కొక్కరినీ ఆ రాత్రి సహాయానికి పరుగెత్తినవాళ్లతో కలిపి పరిచయం చేశారు. ఆ రోజు హాల్లో కూర్చున్న మనిషిని ‘మీకు హాకీ ఎప్పటినుంచి ఇష్టం’ అని అడగడంలో అర్థముందా?

నియమాలు తర్వాత వస్తాయి. నాలుగు మ్యాచ్‌లు చూస్తే, పక్క సీటాయన విసుక్కుంటూ అయినా నేర్పేస్తాడు.

అపోహ: మహిళల హాకీకి జనం రారు

2024 ఏప్రిల్ 20న మాంట్రియల్‌లోని బెల్ సెంటర్‌లో మాంట్రియల్, టొరంటో మహిళల జట్లు ఆడితే 21,105 మంది వచ్చారు. ఆ మహిళల లీగ్‌లో తొలి మ్యాచ్ జరిగి అప్పటికి నాలుగు నెలలు కూడా నిండలేదు.

అపోహ: ఆట ఆగిపోతే అభిమానులు మరిచిపోతారు

యాజమాన్యాలకూ ఆటగాళ్లకూ జీతాల దగ్గర పేచీ వచ్చి 2004-05 ఎన్‌హెచ్‌ఎల్ సీజన్ మొత్తం రద్దయింది. జనం అలిగి రారని అందరూ రాశారు. తర్వాతి సీజన్ సగటు హాజరు గొడవకు ముందుకన్నా ఎక్కువే.

అపోహ: టికెట్ ధర తగ్గిస్తే హాలు నిండుతుంది

ఇందులో నేనే దెబ్బతిన్నాను. పేరు చెప్పను, ఒక జట్టుకు పనిచేస్తున్న రోజుల్లో, వారం మధ్యలో వచ్చే మ్యాచ్‌లకు ఉచిత టికెట్లు భారీగా పంచమని సలహా ఇచ్చింది నేనే. టికెట్లన్నీ చిటికెలో అయిపోయాయి. మ్యాచ్ రోజు చూస్తే ఆ వరసల్లో సగం ఖాళీ. డబ్బు పెట్టి కొన్న మనిషి వానొచ్చినా వస్తాడు. ఊరికే వచ్చిన టికెట్ సొరుగులోనే ఉండిపోతుంది. అంతకన్నా పెద్ద దెబ్బ, పక్క వరసలో పూర్తి ధర పెట్టి కొన్నవాళ్లు మరుసటి నెల ఫోన్ చేసి ‘మాకెందుకివ్వలేదు’ అని నిలదీయడం.

ఇక్కడ ఒక లోపలి మాట చెప్పాలి. ఉత్తర అమెరికాలో జట్లు ప్రకటించే హాజరు సాధారణంగా అమ్మిన, పంచిన టికెట్ల సంఖ్య. గేటు దాటిన తలల సంఖ్య వేరు, అది బయటకు రాదు. పేపర్లో 15 వేలని చదివి, టీవీలో ఖాళీ సీట్లు చూసి ఎవరో అబద్ధమాడారనుకోకండి. రెండూ వేరువేరు లెక్కలు.

అపోహ: ఆట తప్ప మిగతావన్నీ హంగులే

పాత అభిమానులు నాతో పోట్లాడేది దీని గురించే. నేను వాళ్ల పక్షం కాదు. 1952 ఏప్రిల్‌లో డెట్రాయిట్‌లో ఇద్దరు అన్నదమ్ములు మంచు మీదికి ఆక్టోపస్‌ను విసిరారు. కప్పు గెలవడానికి అప్పట్లో ఎనిమిది విజయాలు కావాలి, దానికి ఎనిమిది కాళ్లు. డెట్రాయిట్ వరసగా ఎనిమిదీ గెలిచింది. ఆ అలవాటు ఇంకా పోలేదు, ఇప్పుడు దాన్ని సంప్రదాయం అంటున్నారు. మొదటిరోజు అదీ హంగే కదా?

కెనడాలోని కామ్‌లూప్స్‌లో 1993లో మొదలైన టెడ్డీబేర్ రాత్రి కూడా అంతే. సొంత జట్టు తొలి గోల్ పడగానే జనం తెచ్చిన బొమ్మలన్నీ మంచు మీదికి విసురుతారు, వాటిని ఏరి పిల్లల సంస్థలకు ఇస్తారు. 2025 జనవరిలో పెన్సిల్వేనియాలోని హెర్షీలో ఒక్క రాత్రి 1,02,343 బొమ్మలు పడ్డాయి. ఆ హాల్లో పట్టేది పదివేల పైచిలుకు మందే. అంటే మనిషికి దాదాపు పది బొమ్మలు. మంచు మీద ఆడేవాళ్లు కొందరే, కానీ ఆ రాత్రి చేతిలో పని లేనివాళ్లు హాల్లో ఉండరు. ఏడాదికి ఒక్కసారి వచ్చే కుటుంబాలు ఈ రాత్రినే ఎంచుకోవడం నేను చూశాను.

అపోహ: అడిగితే కారణం చెబుతారు

చివరికి నా సొంత అపోహ. మా రంగంలో ప్రేక్షకుల ప్రేరణలు కొలవడానికి పేరున్న ప్రశ్నావళులు ఉన్నాయి. డేనియల్ వాన్ 1995లో తయారుచేసిన దానిలో ఎనిమిది కారణాలుంటాయి: హాయినిచ్చే ఉద్వేగం, ఆత్మగౌరవం, రోజువారీ గొడవల నుంచి విడుపు, వినోదం, పందెం డబ్బు, ఆటలోని అందం, నలుగురితో కలవడం, కుటుంబం. మంచి పనిముట్టే, నేనూ వాడతాను. చిక్కల్లా జవాబిచ్చే మనిషితోనే. ట్యాబ్ చూపించి అడిగితే అందరూ ఆటలోని అందం, వినోదం అనే గడుల మీద పెద్ద మార్కులేస్తారు. పందెం గడి దగ్గర వేలు ఆగదు. కుటుంబం గడికి మధ్యస్తంగా వేసిన తండ్రి టికెట్ చరిత్ర తీస్తే, కొడుకు లేకుండా ఒక్క మ్యాచ్‌కూ వచ్చి ఉండడు.

అందుకని ఈమధ్య నా ఫారంలో వరస మార్చాను. ఎందుకొచ్చారన్నది చివరికి పోయింది. మొదటి ప్రశ్న, ఇవాళ మీ పక్క సీట్లో ఎవరు? రెండోది, వాళ్లు రాలేకపోయి ఉంటే మీరొక్కరే వచ్చేవారా? జట్టు చొక్కా వేసుకుని, ముఖానికి రంగు పూసుకుని, ఆట కోసం ప్రాణమిస్తానని అంతకుముందే చెప్పిన మనిషి కూడా అక్కడ ఓ క్షణం ఆగుతాడు. తర్వాత నావైపు వింతగా చూసి, ‘ఒక్కణ్నే వచ్చి ఏం చేయను?’ అంటాడు.