ప్రతి ఒక్కరినీ అడగాల్సిన ప్రశ్నలు

మానసిక రోగులతో డాక్టర్లు మాట్లాడుతుండగా తీసిన వీడియోలను అమెరికాలోని సైకియాట్రిస్టులకూ, బ్రిటన్‌లోని సైకియాట్రిస్టులకూ చూపించి, ఎవరికి ఏ జబ్బో చెప్పమన్నారు. 1971లో ఆ ఫలితాలు బయటికొచ్చాయి. ఒక రోగి విషయంలో అమెరికన్ డాక్టర్లలో 69 శాతం మంది స్కిజోఫ్రీనియా (లేని గొంతులు వినిపించడం, భ్రమలు లాంటివి ఉండే తీవ్రమైన మానసిక జబ్బు) అన్నారు. బ్రిటిష్ డాక్టర్లలో ఆ మాట అన్నవాళ్లు 2 శాతం. ఇద్దరూ చూసింది ఒకే మనిషిని, విన్నది అవే మాటలు.

ఆ రోజుల్లో న్యూయార్క్ మానసిక ఆసుపత్రుల్లో స్కిజోఫ్రీనియా కేసులు లండన్ కంటే చాలా ఎక్కువగా నమోదయ్యేవి. నిజంగానే అక్కడ జబ్బు ఎక్కువా, లేక డాక్టర్లు పేరు పెట్టే తీరులోనే తేడా ఉందా? ఇది తేల్చడానికి ఒక పరిశోధన బృందం రెండు నగరాల్లోనూ ఆసుపత్రుల్లో చేరినవాళ్లను ఒకే ప్రశ్నల వరసతో ఇంటర్వ్యూ చేసింది. తేడా దాదాపుగా మాయమైపోయింది. న్యూయార్క్‌లో స్కిజోఫ్రీనియా ముద్ర పడినవాళ్లలో చాలామందికి ఉన్నది మేనియా (అదుపు తప్పిన హుషారు) లేదా డిప్రెషన్ అని తేలింది. పేరు ఏదైతేనేం అని తీసిపారేసే విషయం కాదిది. మేనియాకు లిథియం వాడటానికి అమెరికాలో 1970లో అనుమతి వచ్చింది. జబ్బు పేరు తప్పు పడితే ఆ మందు అందాల్సిన మనిషికి అందదు.

షుగర్‌కు రక్తపరీక్ష ఉంది, ఎముక విరిగితే ఎక్స్‌రే ఉంది. డిప్రెషన్‌కో, మేనియా, డిప్రెషన్ మార్చి మార్చి వచ్చే బైపోలార్‌కో అలాంటి పరీక్ష ఇంతవరకూ లేదు. రోగి చెప్పే మాటలు, డాక్టరు గమనించేది, ఇంట్లోవాళ్లు చెప్పేది, ఇవే ఆధారాలు. కాబట్టి ఏం అడిగారు, ఎలా అడిగారు, ఏది అడగడం మర్చిపోయారు అన్నదాన్ని బట్టి రోగ నిర్ధారణ మారిపోతుంది. ఎంత అనుభవం ఉన్న డాక్టరుకైనా మొదటి అయిదు నిమిషాల్లో ఒక అభిప్రాయం ఏర్పడుతుంది. ఆ తర్వాతి ప్రశ్నలన్నీ తెలియకుండానే దాని వెంటే నడుస్తాయి. దీనికి విరుగుడుగా వచ్చిందే స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూ: ఏ ప్రశ్నలు, ఏ వరసలో, ఏ జవాబుకు తర్వాత ఎటు వెళ్లాలో ముందే రాసి ఉంటుంది.

డిప్రెషన్ భాగమే తీసుకుందాం. మొదటి ప్రశ్న సుమారుగా ఇలా ఉంటుంది: ‘రోజులో ఎక్కువసేపు, దాదాపు ప్రతిరోజూ, దిగులుగా గడిచిన కాలం ఈమధ్య ఏదైనా ఉందా?’ రెండోది, ఇంతకుముందు ఇష్టంగా చేసిన పనులమీద ఆసక్తి పోయిందా అని. ఈ రెండిట్లో ఒక్కటైనా ఉండి, కనీసం రెండు వారాలు కొనసాగితేనే నిద్ర, ఆకలి, అలసట, ఏకాగ్రత, తనను తాను నిందించుకోవడం, చావు ఆలోచనలు అంటూ మిగతావి అడుగుతారు. మొత్తం తొమ్మిది లక్షణాల్లో అయిదు ఉండాలి. అప్పుడు కూడా ఆగిపోరు. ఇది మందుల వల్లో, థైరాయిడ్ లాంటి శరీర జబ్బు వల్లో వచ్చిందా అని కూడా చూస్తారు.

నా దృష్టిలో ఈ పద్ధతి అసలు విలువ ఆ తర్వాత వచ్చే భాగంలో ఉంది. డిప్రెషన్ ఉందని తేలినా, తేలకపోయినా, మేనియా గురించి అడిగి తీరాలి. ‘మామూలు కంటే బాగా హుషారుగా, తక్కువ నిద్రపోయినా అలసట తెలియకుండా ఉన్న రోజులు ఎప్పుడైనా ఉన్నాయా అండి?’ దిగులుతో వచ్చిన మనిషి ఈ సంగతి తనంతట తాను చెప్పడు. అవి తను బాగున్న రోజులని అతని నమ్మకం. ‘అప్పుడు నాకేం ప్రాబ్లమ్ లేదండీ, రాత్రంతా పనిచేసేవాణ్ణి, అప్పుచేసి మరీ వ్యాపారం మొదలుపెట్టాను’ అంటాడు, అదీ అడిగితేనే. అడగకపోతే అతనికి ఉత్త డిప్రెషన్ మందు రాస్తారు. బైపోలార్ ఉన్నవాళ్లలో కొందరికి ఆ మందు ఒక్కటే ఇస్తే మేనియా పైకి లేచే ప్రమాదం ఉంది.

1999లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనం ఈ తేడాను కొలిచింది. అయిదు వందల మందిని మామూలు పద్ధతిలో, మరో అయిదు వందల మందిని స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూతో పరీక్షించారు. స్ట్రక్చర్డ్ ఇంటర్వ్యూకు వచ్చిన రోగుల్లో మూడోవంతు కంటే ఎక్కువమందికి మూడు లేదా అంతకు మించిన సమస్యలు బయటపడ్డాయి. మామూలు పద్ధతిలో అలాంటివాళ్లు పదిశాతం కూడా లేరు. పక్కనే ఉన్న ఆందోళన సమస్యలు ఎవరూ అడగనందువల్ల కనిపించకుండా పోయాయన్నమాట.

ఈ ఇంటర్వ్యూల్లో రెండు రకాలున్నాయి. రాబర్ట్ స్పిట్జర్ బృందం తయారుచేసిన ‘స్కిడ్’ లాంటివి శిక్షణ పొందిన నిపుణులే చేయాలి. రాసి ఉన్న ప్రశ్న అడిగాక, అనుమానం వస్తే వాళ్లు సొంత ప్రశ్నలు వేయవచ్చు. రెండో రకంలో రాసింది రాసినట్టే చదవాలి. డాక్టర్లు కానివాళ్లు కూడా చేయవచ్చు కాబట్టి వేలమందితో సర్వేలు సాధ్యమయ్యాయి. 1980ల్లో అమెరికాలో సుమారు ఇరవై వేలమందిని అలాగే ఇంటర్వ్యూ చేశారు. అయితే జవాబిచ్చేవాళ్లు తొందరగా ఒక కిటుకు నేర్చుకుంటారు: ‘అవును’ అంటే ఇంకో పది ప్రశ్నలు వస్తాయి, ‘లేదు’ అంటే తప్పించుకోవచ్చు. అందుకే 1990ల మొదట్లో జరిగిన ఒక పెద్ద సర్వేలో ప్రతి జబ్బుకూ సంబంధించిన మొదటి ప్రశ్నలన్నీ జనం అలిసిపోకముందే, ఆరంభంలోనే అడిగేశారు.

రెండో రకానికి ఇంకో బలహీనత ఉంది. ‘ఎవరూ లేనప్పుడు గొంతులు వినిపిస్తాయా?’ అంటే ఒకాయన అవునంటాడు. నిద్రలోకి జారుకుంటుండగా ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు అనిపించడమే ఆయన చెప్పేది. అలాంటి అనుభవం జబ్బు లేనివాళ్లకూ ఉంటుంది. ‘ఒక ఉదాహరణ చెప్పండి’ అని అడిగే స్వేచ్ఛ లేకపోతే ఆ ‘అవును’ అలాగే నమోదైపోతుంది. పదిహేను నిమిషాల్లో అయిపోయే ‘మినీ’ అనే చిన్న ఇంటర్వ్యూ, ఇదే రకానికి చెందిన మరో పెద్ద ఇంటర్వ్యూ కంటే ఎక్కువమందికి డిప్రెషన్ ఉందని తేలుస్తుందని 2018 నాటి ఒక విశ్లేషణలో బయటపడింది. చికిత్స మొదలుపెట్టే ముందైతే నిపుణులు చేసే మొదటి రకమే మేలని నేను గట్టిగా నమ్ముతాను. గంటో గంటన్నరో పడుతుంది, నిజమే. ఏళ్ల తరబడి మందులు వాడాల్సిన మనిషికి ఆ గంట ఎక్కువేం కాదు.

కాగితం చూసి అడిగితే యంత్రంలా ఉంటుందని కొందరు డాక్టర్ల అభ్యంతరం. నిజానికి స్కిడ్ మొదట్లో రోగి తన బాధను తన మాటల్లో చెప్పుకోడానికి వీలుంటుంది. పైగా అడగడానికి డాక్టర్లే మొహమాటపడే ప్రశ్నలు కొన్ని ఉంటాయి, చావాలనిపిస్తోందా అన్నది వాటిలో మొదటిది. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని చాలామంది భయం. అడిగినందువల్ల అలాంటి ఆలోచనలు పెరగవని పరిశోధనలు చెబుతున్నాయి. ఆ ప్రశ్న కాగితంమీద రాసి ఉంటే డాక్టరు దాన్ని దాటేయలేరు. రోగి కూడా ‘నన్నే ఎందుకు అడుగుతున్నారు’ అని అనుకోనక్కర్లేదు, ‘ఇది అందరినీ అడిగే ప్రశ్నేనండీ’ అని ముందే చెప్పవచ్చు.